నీటిచుక్క విలువ తెలిసిన సాలీడు

పండగ దగ్గర పడుతోందంటే మనమంతా ముందు పట్టుకునేది బూజుకర్రే కదండీ! సంక్రాంతికి ముందొకసారి, ఉగాదికి ముందొకసారి ఇల్లంతా దులిపేస్తాం. మూలల్లో కాపురం పెట్టిన సాలీడు కాళ్ళకు బుద్ధి చెప్పి పారిపోతుంది. నాలుగు రోజులు తిరక్కముందే మళ్ళీ అదే మూల, అదే గూడు! "ఎంత దులిపినా ఇంతే" అని విసుక్కుంటాం. అంత పట్టుదల దానికి ఎక్కడినుంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా?

మన ఇళ్ళలో ఉండే సాలీడు సంగతి అలా ఉంచండి. చుక్క నీరు దొరకని ఎడారుల్లో, కాలు పెడితే బొబ్బలెక్కే ఇసుకలో, వానలు మొహం చాటేసిన మెట్ట భూముల్లో కూడా సాలీళ్ళు హాయిగా సంసారం చేస్తున్నాయి. మనకు ఒక్కపూట కుళాయి రాకపోతే ఎంత హైరానా పడతాం! బిందెలు, బకెట్లు, ట్యాంకరు కోసం ఎదురుచూపులు... అలాంటిది ఈ ఎనిమిది కాళ్ళ ప్రాణి కోట్ల ఏళ్ళుగా నీళ్ళు లేని చోట ఎలా నెగ్గుకొస్తోంది? ఒక ఖండం నుంచి మరో ఖండానికి ఎలా చేరింది? ఇంటర్‌తో చదువు ఆపేసిన నాలాంటి గృహిణికి కూడా చదువుతుంటే కథలా అనిపించింది. ఆ కథే మీతో పంచుకుంటున్నాను.

సాలెపురుగు అసలు పురుగే కాదు!

అవునండీ. సాలెపురుగు అని మనం పిలుస్తాం గానీ, శాస్త్రం లెక్కలో అది కీటకం కాదు. ఈగకీ, చీమకీ, బొద్దింకకీ ఆరేసి కాళ్ళుంటాయి. సాలీడుకి ఎనిమిది. రెక్కలు ఉండవు, మీసాలు ఉండవు. దీని చుట్టాలెవరో తెలుసా? తేలు, గోమారి, ఇంకా తొలకరి పడగానే పొలం గట్ల మీద ఎర్రటి పట్టుముక్కల్లా పాకే మన ఆరుద్ర పురుగు! పేరుకి అదీ పురుగే గానీ, పెద్దదయ్యాక దాని కాళ్ళు లెక్కపెట్టి చూడండి, ఎనిమిదే ఉంటాయి.

ప్రపంచం మొత్తం మీద ఇప్పటిదాకా పేరు పెట్టి గుర్తించిన సాలీడు జాతులు 50 వేలు దాటాయి. 50 వేలో జాతిని 2022 ఏప్రిల్‌లో లెక్కలోకి ఎక్కించారు. దక్షిణ అమెరికాలో దొరికిన ఓ గెంతే సాలీడు అది. మంచుఖండం అంటార్కిటికా ఒక్కటి వదిలేస్తే అవి లేని ఖండం లేదు.

ముందు దారం, తరవాతే వల

సాలీడు వంశం చాలా పాతది. ఎముకలున్న జంతువులు ఇంకా నీళ్ళలోంచి బయటికి రాకముందే, 40 కోట్ల ఏళ్ళకు పూర్వమే, దీని పూర్వీకుల చుట్టాలు నేలమీద తిరిగాయి. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో సుమారు 38 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళలో ఒక ప్రాణి ముక్కలు దొరికాయి. ఆటర్‌కోపస్ అని దానికి పేరు పెట్టారు. మొదట దాన్ని సాలీడే అనుకున్నారు. 2008లో మళ్ళీ పరిశీలించి, ఇది అచ్చమైన సాలీడు కాదు, దారం తీసే వరకూ నేర్చుకున్న దాయాది అని తేల్చారు. దారం వచ్చే సన్నటి గొట్టాలు దానికి ఉన్నాయి గానీ, ఆ దారాన్ని ఇటూ అటూ తిప్పి నేసే వేళ్ళలాంటి అవయవాలు లేవు. పైగా దానికి కొరడాలాంటి ఓ తోక!

అచ్చమైన సాలీళ్ళు 30 కోట్ల ఏళ్ళ క్రితమే ఉన్నట్టు శిలల్లో ఆధారాలున్నాయి. మొదట్లో అవి గాల్లో వలలు కట్టి ఉండవనీ, గుడ్లను చుట్టిపెట్టుకోవడానికీ, కన్నం లోపల గోడలకి పూతలా వేసుకోవడానికీ దారం వాడి ఉంటాయనీ శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మనం గోడకి సున్నం వేసుకున్నట్టన్నమాట! గుండ్రటి వలలు కట్టే విద్య తరవాత వచ్చింది.

ఆ పాతకాలపు పద్ధతి వదలని సాలీళ్ళు నేటికీ ఉన్నాయి. ఆగ్నేయాసియా, చైనా, జపాను దేశాల్లో ఉండే లిఫిస్టియస్ కుటుంబం సాలీళ్ళకి పొట్ట మీద పూర్వకాలపు గుర్తుగా పలకలు పలకలుగా గీతలుంటాయి. మట్టిలో కన్నం తవ్వుకుని, దానికి మూత బిగించుకుని కాలక్షేపం చేస్తాయి.

ఈ కన్నం అలవాటే తరవాత ఎండిన నేలల్లో ప్రాణం నిలబెట్టింది.

నీటి పొదుపు దీని దగ్గరే నేర్చుకోవాలి

చచ్చిన సాలీడు కాళ్ళన్నీ లోపలికి ముడుచుకుని ఉండడం మీరు చూసే ఉంటారు. ఎందుకో తెలుసా? కాలు ముడవడానికి దానికి కండరాలున్నాయి. కానీ ముఖ్యమైన కీళ్ళ దగ్గర కాలు చాచడానికి కండరం లేదు. ఒంట్లోని ద్రవాన్ని ఒత్తిడితో కాళ్ళలోకి పంపి చాచుకుంటుంది. తోటకి నీళ్ళు పెట్టే రబ్బరు గొట్టంలోకి నీళ్ళు వదిలితే అది బిగుసుకుని లేస్తుంది చూడండి, అలాగన్నమాట. అంటే ఒంట్లో నీరు తగ్గితే సాలీడు నడవనే లేదు! మనకి దాహం వేస్తే నీరసం. దానికి నీరు తగ్గితే కాలే కదలదు.

అందుకే అది నీటిచుక్కని ప్రాణంలా చూసుకుంటుంది. దాని చర్మం మీద సన్నటి మైనపు పూత ఉంటుంది. ఊరగాయ పైన నూనె తేలితే లోపలి పచ్చడి ఎండిపోకుండా ఉన్నట్టే, ఆ పూత ఒంట్లో తేమని ఆవిరి కానివ్వదు. చాలా సాలీళ్ళకి ఊపిరితిత్తులు పుస్తకంలో కాగితాల్లా పొరలు పొరలుగా పొట్ట లోపల ఉంటాయి. గాలి వెళ్ళేందుకు సన్నటి చీలిక మాత్రమే ఉంటుంది. మన ఒంట్లో మలినాలు బయటికి పోవాలంటే మూత్రంతో బోలెడు నీళ్ళు ఖర్చవుతాయి. సాలీడు ఆ మలినాలని గ్వానిన్ అనే తెల్లటి ముద్దలాంటి పదార్థంగా మార్చి, నీరు పెద్దగా ఖర్చు కాకుండా వదిలేస్తుంది. తాగే నీళ్ళు దొరక్కపోయినా పట్టిన పురుగు ఒంట్లోని రసమే దానికి తిండీ, నీళ్ళూ. తిండి దొరక్కపోతే నెలల తరబడి కదలకుండా కూర్చోగలదు. ఇన్ని పొదుపులు తెలిసిన ఇల్లాలు ఇంకెవరున్నారు చెప్పండి!

తలుపున్న ఇల్లు, నలభై మూడేళ్ళ కాపురం

ఎండిన నేలలో సాలీడు కథ చెప్పాలంటే ఆస్ట్రేలియా వెళ్ళాల్సిందే. ఇప్పుడు ఎడారులకు పేరుబడ్డ ఆ ఖండంలో ఒకప్పుడు తడి అడవులు విస్తారంగా ఉండేవి. సుమారు కోటిన్నర ఏళ్ళ క్రితం నుంచి అది క్రమంగా ఎండిపోతూ వచ్చింది. అడవులు కుంచించుకుపోయాయి. చాలా ప్రాణులు నశించాయి. కన్నాల్లో ఉండే సాలీళ్ళు మాత్రం ఎండకి తగ్గట్టు తమ ఇళ్ళనీ, ఒంటినీ మార్చుకున్నాయి.

వీటిని ట్రాప్‌డోర్ సాలీళ్ళు అంటారు. నేలలోకి గొట్టంలా కన్నం తవ్వి, లోపల దారంతో పూత పూసి, పైన మట్టీ దారం కలిపి మూత చేసుకుంటాయి. ఆ మూతకి ఒకవైపు బందు కూడా ఉంటుంది! పైన ఎండ పేలిపోతున్నా లోపల చల్లగా, కాస్త తేమగా ఉంటుంది. కొన్ని జాతులు మూత చుట్టూ ఎండుపుల్లల్ని విసనకర్రలా పేర్చి దారంతో అంటిస్తాయి. దూరంగా వెళ్ళే పురుగు పుల్లని తొక్కితే చాలు, లోపలున్న సాలీడుకి కబురు అందుతుంది. ఇంట్లోంచి కదలకుండానే వేట! ఇడియోసోమా అనే జాతి సాలీళ్ళలో కొన్నింటికి పొట్ట వెనకభాగం డాలులా గట్టిపడింది. శత్రువు వస్తే ఆ భాగాన్నే బిరడాలా కన్నానికి అడ్డం పెట్టుకుంటాయి.

ఇవన్నీ మనకు తెలియడానికి ముఖ్య కారణం ఒక మహిళ. ఆమె పేరు బార్బరా యార్క్ మెయిన్. 1929లో పశ్చిమ ఆస్ట్రేలియాలో పుట్టారు. తమ్మిన్ అనే చిన్న ఊరి దగ్గర గోధుమ పొలాల మధ్య పెరిగారు. 1956లో వెస్టర్న్ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగంలో డాక్టరేటు పుచ్చుకున్న మొదటి మహిళ ఆమే. భర్త బెర్ట్ మెయిన్ కూడా జంతుశాస్త్రజ్ఞుడే.

1974లో ఆమె నార్త్ బంగుల్లా అనే చోట, గోధుమ చేల నడుమ మిగిలిన చిన్న చిట్టడవిలో, సాలీళ్ళ కన్నాలకి నంబర్లు వేయడం మొదలుపెట్టారు. ఒక్కో కన్నం పక్కన నంబరున్న గూటం పాతారు. ఏటేటా వెళ్ళి ఏ ఇంట్లో ఎవరున్నారు, ఎవరు పోయారు అని జనాభా లెక్కల్లా రాసుకునేవారు. ఆడ సాలీడు ఒకసారి కన్నం తవ్వుకుందంటే బతికినన్నాళ్ళూ అదే ఇల్లు. పాడైతే బాగుచేసుకుంటుంది గానీ ఇంకో ఇంటికి మారదు. ఒకరి ఇంట్లోకి ఇంకొకరు రారు. కాబట్టి ఇంటిని చూస్తే ఇంటావిడ వయసు తెలిసిపోతుంది!

ఆ తొలి సంవత్సరం గూటం పాతిన కన్నాల్లో 16వ నంబరుది ఒక చిన్న ఆడ సాలీడు. గాయస్ విల్లోసస్ జాతి. పక్కింటివాళ్ళు ఒక్కొక్కరే పోయారు. కరువులు వచ్చాయి, ఎండలు ముదిరాయి. ఏళ్ళు గడిచినా 16వ నంబరు ఇల్లు మాత్రం తలుపు వేసుకుని చెక్కుచెదరకుండా ఉంది. బార్బరాగారు పెద్దవారయ్యాక పరిశోధకురాలు లియాండా మేసన్ ఆ పని అందుకున్నారు. 2016 అక్టోబరులో మేసన్ వెళ్ళి చూసేసరికి తలుపు మధ్యలో చిల్లు! కందిరీగ లోపలికి దిగి సాలీడుని బలి తీసుకున్న గుర్తు అది. ఈ రకం కందిరీగలు సాలీడు మీద గుడ్డు పెడతాయి. పిల్ల పుట్టి దాన్నే తినేస్తుంది.

43 ఏళ్ళు! ప్రపంచంలో లెక్క తెలిసిన సాలీళ్ళలో అదే దీర్ఘాయుష్షు. అంతకుముందు మెక్సికోకి చెందిన 28 ఏళ్ళ టారంటులా సాలీడు పేరిట ఉన్న రికార్డుని అది దాటేసింది. 2018లో ఈ సంగతి పత్రికలకెక్కి లోకమంతా తెలిసింది. బార్బరాగారు 2019లో 90వ ఏట కన్నుమూశారు.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. ముసలితనంతో కాదు, కందిరీగ వల్ల పోయింది ఆ సాలీడు. అది ప్రకృతి ధర్మం. కానీ ఆ చుట్టుపక్కల అడవిని గోధుమ కోసం చాలావరకు కొట్టేశారు. లోతు వేళ్ళున్న చెట్లు పోయేసరికి భూమిలోని నీరు పైకి వచ్చి, ఉప్పుని కూడా తనతో మోసుకొచ్చింది. చాలా నేల చౌడుబారింది. కన్నం పిల్లలు తల్లి ఇంటికి దగ్గర్లోనే కాలినడకన వెళ్ళి ఇళ్ళు తవ్వుకుంటాయి. దున్నిన చేను దాటి ఇంకో చిట్టడవికి వెళ్ళడం వాటివల్ల కాదు. ఒక ముక్క అడవి పోతే, ఆ ముక్కలో లక్షల ఏళ్ళుగా ఉన్న వంశం కూడా అంతే సంగతులు.

ఇసుకలో విన్యాసాలు

ఆఫ్రికా నైరుతి తీరంలో నమీబ్ ఎడారి ఉంది. ప్రపంచంలోకెల్లా పాత ఎడారుల్లో అదొకటి. అక్కడి బంగారు రంగు సాలీడు ఒకటి ఇసుక దిబ్బల్లో కన్నం చేసుకుని ఉంటుంది. కందిరీగ తరిమితే ఏం చేస్తుందో చూడండి: కాళ్ళు ముడుచుకుని, పక్కకి వాలి, దిబ్బ మీదనుంచి బండిచక్రంలా దొర్లిపోతుంది! సెకనుకి 40 చుట్లకు పైగా తిరుగుతుందని కొలిచినవాళ్ళు చెప్పారు.

అదే ఎడారిలో సియోథైరా అనే ఇంకో సాలీడు ఉంది. దాని వల ఇసుక మీద లేడి డెక్క గుర్తులా ఉంటుంది. ఇసుక పెనంలా కాలుతున్న వేళ చీమ వచ్చి ఆ అంచుకి అంటుకుంటుంది. సాలీడు గబుక్కున పైకి వచ్చి పట్టుకుని, వేడి తగలగానే చల్లటి కన్నంలోకి దిగి, మళ్ళీ పైకి వస్తుంది. పొయ్యి మీద కాలుతున్న అప్పడాన్ని చేత్తో తిప్పే మన పద్ధతి గుర్తొస్తుంది కదూ!

మొరాకో దేశంలో ఎర్గ్ చెబ్బి ఇసుక దిబ్బల్లో ఉండే సాలీడైతే ప్రమాదం వస్తే సర్కసు పిల్లలా పిల్లిమొగ్గలు వేస్తూ పారిపోతుంది. పరుగెత్తే వేగానికి అది రెట్టింపు. దానికి 2014లో పేరు పెట్టారు.

రెక్కల్లేవు, మరి ఖండాలెలా దాటింది?

రెక్కలు లేకపోయినా చాలా రకాల సాలీడు పిల్లలు ఎగరగలవు. గడ్డిపోచ చివరికి ఎక్కి, పొట్ట పైకెత్తి, సన్నటి దారాలు గాల్లోకి వదులుతాయి. ఆ దారాలు గాలిపటాల్లా వాటిని లాక్కుపోతాయి. 1832లో డార్విన్ ప్రయాణిస్తున్న బీగిల్ ఓడ దక్షిణ అమెరికా తీరానికి సుమారు 60 మైళ్ళ దూరంలో ఉండగా, ఓడ తాళ్ళనిండా చిన్న సాలీళ్ళు వచ్చి వాలాయి! గాలి ఒక్కటే కాదు, గాల్లో ఉండే విద్యుత్తు కూడా వాటిని పైకి లేపగలదని 2018లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రయోగం చేసి చూపించారు.

కన్నాల్లో ఉండే పెద్ద సాలీళ్ళలో చాలావాటికి ఈ విద్య లేదు. మరవి ఎలా వెళ్ళాయి? కొన్ని నీళ్ళమీద వెళ్ళాయి. ఆస్ట్రేలియా పక్కన కంగారూ దీవిలో ఒక చిన్న ట్రాప్‌డోర్ సాలీడు ఉంది. దాని దగ్గరి చుట్టాలందరూ ఆఫ్రికాలో ఉన్నారు. ఖండాలు విడిపోయినప్పుడే వేరుపడి ఉంటుందని అనుకునేవారు. 2017లో జన్యువులు పోల్చి చూస్తే, అది ఆఫ్రికా చుట్టాల నుంచి విడిపోయింది 20 లక్షల నుంచి కోటీ 60 లక్షల ఏళ్ళ మధ్యలోనే అని తేలింది. ఖండాలు విడిపోయింది దానికి ఎంతో ముందు. అంటే కొట్టుకొచ్చిన మట్టిగడ్డల్లోనో, చెట్ల మొదళ్ళలోనో కూర్చుని సముద్రం దాటేసిందన్నమాట. తలుపు వేసుకుని, తిండి లేకుండా ఎన్నాళ్ళయినా ఉండగల ప్రాణి కదా మరి!

ఇక మూడో దారి మనదే. మన ఇండియా ఒకప్పుడు పెద్ద పడవలా సముద్రంలో ఉత్తరానికి కదిలి వచ్చి ఆసియాని ఢీకొట్టిందని చిన్నప్పుడు చదువుకున్నాం. టారంటులా అనే పెద్ద బొచ్చు సాలీళ్ళ జన్యువుల మీద 2021లో వచ్చిన పరిశోధన ఏం చెప్పిందంటే, ఆ వంశం సుమారు 12 కోట్ల ఏళ్ళ క్రితం అమెరికాల వైపు మొదలైంది; అప్పుడు దక్షిణ ఖండాలన్నీ ఇంకా దగ్గరగానే ఉన్నాయి. ఇండియా అనే పడవెక్కి వచ్చిన టారంటులాలు ఇక్కడినుంచే ఆసియాలోకి పాకాయి. అదీ ఒకసారి కాదు, సుమారు రెండు కోట్ల ఏళ్ళ తేడాతో రెండుసార్లు! మన నేల వాటికి ఓడ, రేవు రెండూ అయింది.

గుత్తి పేరు మోసే నీలి సాలీడు

ఆ వంశంలోదే మన తెలుగు నేల సాలీడు ఒకటుంది. ఒళ్ళంతా నెమలికంఠం నీలం! 1899లో పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు పోయెసిలోథీరియా మెటాలికా అని దానికి పేరు పెట్టాడు. అనంతపురం జిల్లా గుత్తిలో రైల్వే కలప నిలవ చేసే చోట అది దొరికింది. అందుకే లోకమంతా దాన్ని గుత్తి టారంటులా అంటారు. ఆ తరవాత 102 ఏళ్ళు దాని జాడ లేదు! 2001లో మళ్ళీ కనబడింది, గుత్తిలో కాదు, నంద్యాల–గిద్దలూరు మధ్య అడవిలో. బహుశా కలపతో పాటు రైలెక్కి గుత్తి చేరిందని అనుకుంటున్నారు.

ఇది కన్నం తవ్వదు. పాత చెట్ల తొర్రల్లో ఉంటుంది. ఎండాకాలం ఆకులు రాలే ఆ అడవుల్లో తొర్రే దానికి నీడ, తొర్రే తేమ. ఆ నీలం రంగు అద్దకం కాదట. వెంట్రుకల్లోని అతిసన్నటి నిర్మాణం మీద వెలుగు పడి అలా మెరుస్తుంది. ప్రపంచంలో అది సహజంగా బతికే చోటు 100 చదరపు కిలోమీటర్లు కూడా లేదని లెక్క. 2008లో దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న ప్రాణుల జాబితాలో చేర్చారు. వంటచెరకు కోసం పాత చెట్లు కొట్టేయడం ఒక కారణం. అందంగా ఉందని విదేశాల్లో పెంచుకునేందుకు పట్టుకుపోవడం ఇంకో కారణం. 2019 నుంచి ఈ జాతి సాలీళ్ళ అంతర్జాతీయ వ్యాపారం మీద అదుపు పెట్టారు.

మన బంగారం మన పెట్టెలో ఉందని మనకే తెలియకపోతే ఎలా చెప్పండి? పట్టుచీర మీది నెమలి రంగుని చూసి మురిసిపోయే మనకి, నల్లమల వైపు అడవిలో అదే రంగు ప్రాణంతో తిరుగుతోందని తెలియాలి.

తుమ్మచెట్టు మీద ఉమ్మడి కుటుంబం

మెట్ట ప్రాంతాల్లో తుమ్మ, రేగు కంపల మీద బూడిదరంగు దారాలతో, ఎండుటాకులతో చిక్కుముడిలాంటి గూళ్ళు చూశారా? అది ఒక సాలీడు ఇల్లు కాదు, ఒక ఊరు! స్టెగోడైఫస్ సారసినోరమ్ అనే ఈ సాలీళ్ళు కలిసి ఒకే గూడు కట్టుకుంటాయి, కలిసి వేటాడతాయి. మన కుప్పం ప్రాంతంలో వీటి మీద విదేశాల నుంచి వచ్చి కూడా పరిశోధనలు చేశారు. ఈ కుటుంబంలో ఉమ్మడిగా బతికే జాతులు మూడే మూడు. రెండు ఆఫ్రికాలో, ఒకటి మన వైపు. మూడూ ఎవరికి వారే ఆ పద్ధతి నేర్చుకున్నాయట.

వీటిలో తల్లి కథ వింటే కళ్ళు చెమరుస్తాయి. గుడ్లు పగిలి పిల్లలు రాగానే తల్లి తను తిన్నదంతా ద్రవంగా మార్చి నోటినుంచి వాటికి అందిస్తుంది. ఆఖరికి తనే వాటికి ఆహారమవుతుంది. ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారి ప్రాంతంలో ఇదే కుటుంబానికి చెందిన ఇంకో సాలీడు మీద చేసిన పరిశీలనలో, పిల్లలు పుట్టినప్పటి నుంచే తల్లి పొట్టలోని భాగాలు కొద్దికొద్దిగా కరిగి వాటికి తిండిగా మారతాయని తేలింది. తిండి దొరకని కరువు నేలలో పిల్లలు కాళ్ళమీద నిలబడాలంటే ఇది ఒక దారి. ఆఫ్రికా జాతిలో ఒకదానిలోనైతే, గుడ్లు పెట్టని ఆడ సాలీళ్ళు కూడా పిన్నమ్మల్లా ఆ పిల్లలకి తినిపిస్తాయి.

మన ఇంట్లో ఏం చేద్దాం?

ఇంత చెప్పాక, ఇల్లు దులపడం మానేయమని అంటున్నానని అనుకోకండి. ఇంటి శుభ్రం ఇంటి శుభ్రమే. కాకపోతే కొన్ని సంగతులు గుర్తుపెట్టుకుంటే చాలు.

ప్రపంచంలోని సాలీళ్ళన్నీ కలిసి ఏడాదికి 40 నుంచి 80 కోట్ల టన్నుల ప్రాణుల్ని తింటాయని 2017లో అంచనా వేశారు. అందులో ఎక్కువ భాగం పురుగులే. బాత్రూమ్ గోడ మీద అరచేయంత వెడల్పున కనబడే గోధుమరంగు సాలీడు బొద్దింకల్ని తింటుంది. అదీ ఓడల్లో సరుకులతో పాటు వేడి దేశాలన్నీ తిరిగిన బాటసారే. పొట్టకింద తెల్లటి బిళ్ళలాంటిది పట్టుకుని ఉంటే అది గుడ్ల సంచి. చీపురుతో కొట్టకుండా, వెడల్పు నోరున్న సీసా బోర్లించి, కింద అట్టముక్క దూర్చి బయట వదిలేయండి.

వీధి గుమ్మం దగ్గర రాత్రంతా బల్బు వెలిగితే పురుగులు చేరతాయి, వాటికోసం సాలీళ్ళు వస్తాయి. అక్కర్లేనప్పుడు దీపం ఆర్పేస్తే బూజు తగ్గుతుంది. మందులు చల్లేకన్నా ఇది మేలు.

కట్టెలు, పాత అట్టపెట్టెలు తీసేటప్పుడు చేతులు ఊరికే దూర్చకండి. మూలనపడ్డ చెప్పులు, బూట్లు దులిపి తొడగమని పిల్లలకి చెప్పండి. సాలీడు కరిస్తే సబ్బుతో కడిగి, చల్లటి గుడ్డ పెట్టండి. నొప్పి, వాపు తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నాటు పూతలు వద్దు.

ఒంటిమీద చారలా ఎర్రగా పొక్కులు వస్తే "సాలీడు పాకింది" అని తేల్చేస్తుంటాం. చాలాసార్లు అది సర్పి కావచ్చు, లేదా ఓ చిన్న రకం పురుగు ఒంటిమీద నలిగినప్పుడు దాని రసం తగిలి కావచ్చు. సర్పికి మందు తొందరగా మొదలుపెడితేనే గుణం. పాపం సాలీడు మీద నెపం వేసి రోజులు గడిపేయకండి.

చివరగా ఒక్క మాట. ఆరుద్ర కార్తెలో పిల్లలు ఊరెళ్తే ఆరుద్ర పురుగుల్ని చూపించండి. అరచేతిలో ఒక నిమిషం నడిపించి, ఎనిమిది కాళ్ళూ లెక్కపెట్టించండి. అగ్గిపెట్టెలో మాత్రం పెట్టనివ్వకండి. ఏడాదంతా మట్టిలో దాక్కుని, నాలుగు వానచినుకుల కోసం ఎదురుచూసి బయటికి వచ్చిన ప్రాణి అది. దాని నాలుగు రోజులు దాన్ని బతకనిద్దాం.